కీలు ఎక్కడుంది?

"వెనక చక్రానికి కూడా స్ప్రింగు పెడితే మనం తొక్కే బలంలో సగం ఆ స్ప్రింగే మింగేయదా?" సైకిల్ షాపులో తరచూ వినపడే అనుమానం ఇది. అనుమానం సబబైనదే. పిల్లలు ముచ్చటపడి కొనిపించుకునే డబుల్ షాకప్ సైకిల్ని కాసేపు గమనించండి. పెడల్ తొక్కిన ప్రతిసారీ సీటు కిందికి దిగి పైకి లేస్తుంది. ఫ్లైఓవర్ సగం ఎక్కేసరికే ఆయాసం వస్తుంది. కొన్నాళ్లకు మధ్యలో ఉన్న స్ప్రింగు దగ్గర కిర్రుకిర్రుమని చప్పుడు మొదలవుతుంది.

మరి 2012 లండన్ ఒలింపిక్స్‌లో కొండసైకిల్ పందెం గెలిచిన చెక్ క్రీడాకారుడు యరోస్లావ్ కుల్హవీ తొక్కింది వెనక కూడా స్ప్రింగున్న సైకిలే. వెనక స్ప్రింగు లేని తేలికపాటి సైకిల్ మీద వచ్చిన స్విట్జర్లాండ్ వీరుడు నీనో షుర్టర్ ఒక్క సెకను తేడాతో రెండో స్థానంలో ఆగిపోయాడు. నాలుగేళ్ల తర్వాత రియోలో షుర్టర్ బంగారు పతకం గెలిచాడు. ఈసారి అతని సైకిల్‌కూ వెనక స్ప్రింగు ఏర్పాటు, అంటే సస్పెన్షన్ ఉంది.

స్ప్రింగు అందులోనూ ఉంది, ఇందులోనూ ఉంది. ఒకటి ఫ్లైఓవర్ ఎక్కలేకపోతోంది, ఇంకొకటి రాళ్ల గుట్టలెక్కి పతకం తెస్తోంది. అసలు సంగతి స్ప్రింగులో కంటే ఫ్రేములో ఎక్కువగా ఉంది. వెనక చక్రాన్ని మోసే భాగం ఫ్రేముకు ఏ చోట కీలుతో అతుక్కుందో ఆ చోటే సైకిల్ నడతను నిర్ణయిస్తుంది. తొక్కేవాళ్లు ఒకరు "ఎక్కేటప్పుడు బద్ధకంగా ఉంది" అంటారు, మరొకరు "పాదాలు వెనక్కి తన్నుకొస్తున్నాయి" అంటారు, ఇంకొకరు "బ్రేకు పట్టగానే వెనకభాగం బిగుసుకుపోయింది" అంటారు. మూడూ నిజమే. మూడింటికీ కారణం వెతుకుతూ పోతే చివరికి కీలు దగ్గరే తేలతాం.

మనిషి లేవాలా, చక్రం లేవాలా?

కీలు సంగతికి ముందు, అసలు స్ప్రింగులే లేని రోజుల్లోకి వెళ్దాం. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళ్తే మారిన్ కౌంటీ వస్తుంది. అక్కడ టమాల్‌పయస్ అనే కొండ ఉంది. ఆ ప్రాంతంలో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లు, ఇంటికి చుట్టాలొస్తే రెడ్‌వుడ్ చెట్లు చూపించడానికి తీసుకెళ్లే మ్యూర్ వుడ్స్ ఈ కొండ పాదాల దగ్గరే ఉంది. 1970లలో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, జో బ్రీజ్ వంటి కుర్రాళ్లు, ఎవరికీ పనికిరాక మూలపడ్డ లావు టైర్ల పాత సైకిళ్లను బాగుచేసుకుని ఆ చుట్టుపక్కల మట్టిదారుల్లో దూసుకొచ్చేవాళ్లు. 1976 అక్టోబరు 21న ఫేర్‌ఫాక్స్ ఊరి దగ్గర తొలి పందెం పెట్టుకున్నారు. సుమారు రెండు మైళ్లలో దాదాపు 1300 అడుగులు దిగే దారి అది. పెడల్‌ను వెనక్కి తొక్కితే పడే బ్రేకులు ఆ సైకిళ్లవి. కింద చేరేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలు వచ్చేవి. ప్రతిసారీ హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరాల్సిందే.

ఆ సైకిళ్లకు కుదుపు తట్టుకునే సాధనాలు రెండే. ఒకటి గాలి నింపిన టైరు. రెండోది మనిషి ఒళ్లు. మోకాళ్లు, మోచేతులు వంచి సీటు మీంచి లేచి నిలబడితే కుదుపు కొంత తగ్గుతుంది. ఎంతసేపు అలా నిలబడగలం?

దారిలో 5 సెంటీమీటర్ల ఎత్తున రాయి ఉందనుకుందాం. వెనక సస్పెన్షన్ లేని సైకిల్ చక్రం దాన్ని ఎక్కాలంటే 5 సెంటీమీటర్లు లేవాలి. చక్రంతోపాటు ఫ్రేము లేవాలి, ఫ్రేముతోపాటు సీటు, సీటు మీద కూర్చున్న 70 కిలోల మనిషి లేవాలి. ఇంత బరువును లేపే శక్తి ఎక్కడిది? మనం ముందుకు పోతున్న వేగానిదే. వేగంలో కొంత ఖర్చుపెట్టి మనిషిని లేపుతున్నామన్నమాట. రాయి దాటాక ఆ ఖర్చంతా తిరిగి రాదు. కండరాలు, కొవ్వు అదిరి అందులో కొంతభాగాన్ని వేడిగా మార్చేస్తాయి. రాళ్లదారిలో గంటలకొద్దీ తొక్కినవాళ్లకు నడుము పట్టేయడం, చేతులు తిమ్మిరెక్కడం ఊరికే రావు.

ఇప్పుడు చక్రాన్ని ఫ్రేముకు గట్టిగా బిగించకుండా కీలుతో అతికించి, మధ్యలో స్ప్రింగు పెడదాం. రాయి తగలగానే పైకి లేచేది చక్రం, టైరు, వాటిని పట్టుకుని కీలు చుట్టూ ఊగే భాగం (దీన్ని ఊగుచేయి అందాం) మాత్రమే. అంతా కలిపితే మూడు నాలుగు కిలోలు ఉండొచ్చు. మనిషి దాదాపు ఉన్న ఎత్తులోనే ముందుకు సాగిపోతాడు. రాయి దాటీ దాటగానే స్ప్రింగు చక్రాన్ని మళ్లీ నేలకు అదుముతుంది. ఈ రెండో లాభాన్ని చాలామంది గుర్తించరు కానీ, నా దృష్టిలో పెద్ద లాభం ఇదే. చెట్ల వేళ్లు, రాళ్లు ఉన్న ఎక్కుడులో చక్రం క్షణంపాటు గాల్లోకి లేచినా, ఆ క్షణంలో మనం తొక్కిన బలం వృథా. టైరు నేలను వదలకుండా ఉంటే ప్రతి తొక్కూ పనికొస్తుంది. స్ప్రింగు బలాన్ని మింగేస్తుందన్న మొదటి అనుమానానికి సగం జవాబు ఇక్కడ దొరికింది. నున్నటి రోడ్డు మీద మింగుతుంది. గతుకుల దారిలో మింగినదానికంటే ఎక్కువ మిగులుస్తుంది.

స్ప్రింగుకు నిదానం నేర్పడం

ఉత్త స్ప్రింగుతో పని జరగదు. నొక్కి వదిలితే అది ఊగుతూనే ఉంటుంది. చవక సైకిళ్లలో మనం చూసేది ఈ ఊగుడే. దానికి పగ్గం వేసే పరికరాన్ని డ్యాంపర్ అంటారు.

ఆఫీసుల్లో, బ్యాంకుల్లో తలుపు పైన బిగించిన డోర్ క్లోజర్‌ను చూసే ఉంటారు. దాని లోపల ఒక స్ప్రింగు, దాంతోపాటు నూనె ఉంటాయి. తలుపు తీసినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది. వదిలేస్తే అది తలుపును దభీమని కొట్టాలి. కానీ కొట్టదు. ఎందుకంటే తలుపు కదలాలంటే లోపలి నూనె ఒక సన్నటి రంధ్రంలోంచి దూరి అవతలికి పోవాలి. నూనె తొందరపడదు కాబట్టి తలుపూ తొందరపడదు. పక్కనున్న మర తిప్పితే ఆ రంధ్రం పెద్దదో చిన్నదో అయి తలుపు వేగం మారుతుంది. స్ప్రింగు, డ్యాంపర్ కలిసి ఉండే కొండసైకిల్ షాకప్‌లోనూ ఇదే ఏర్పాటు. వెనక్కి తిరిగొచ్చే వేగాన్ని మార్చడానికి సాధారణంగా ఎర్రరంగు మర ఒకటి ఉంటుంది. రంధ్రాలు దూరిన నూనె, చక్రం ఊపులోని శక్తిని వేడిగా మారుస్తుంది. పొడవాటి దిగుడు ముగిశాక షాకప్‌ను వేళ్లతో తాకితే ఆ వెచ్చదనం తెలుస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉంది. కింద నుంచి రాయి కొట్టినా స్ప్రింగు నొక్కుకుంటుంది, పై నుంచి మనం తొక్కినా నొక్కుకుంటుంది. మొదటిది కావాలి, రెండోది వద్దు. తేడా పరికరానికి ఎలా తెలియాలి? కుల్హవీ తొక్కిన స్పెషలైజ్డ్ కంపెనీ ఎపిక్ సైకిల్లో దీనికి ముచ్చటైన పరిష్కారం ఉంది. వెనక ఇరుసు దగ్గర చిన్న గొట్టంలో ఒక లోహపు గుండు ఉంటుంది. మామూలుగా అది నూనె దారిని మూసి ఉంచుతుంది. మనిషి ఎంత తొక్కినా దారి తెరుచుకోదు, షాకప్ గట్టిగా ఉంటుంది. చక్రం రాయికి తగిలి ఒక్కసారి పైకి లేస్తే గొట్టం లేస్తుంది కానీ గుండు జడత్వం వల్ల ఉన్నచోటే ఉండిపోతుంది. దారి తెరుచుకుంటుంది. దాన్ని తొక్కినవాళ్లు మొదటి రాయి దగ్గర పాదాల కింద చిన్న 'టక్' వినపడుతుందని చెబుతారు. తెరుచుకోవడానికి పట్టే ఆ లిప్తకాలం అనుభవంలోకి రావడమే అది.

డ్యాంపర్‌తో ఊగుడును కట్టడి చేయడం ఒక దారి. ఊగుడు పుట్టకుండానే చూడటం ఇంకో దారి. అది ఫ్రేము చేసే పని.

చైను లాగే దిక్కు

ముందు చక్రం కథ త్వరగా తేలిపోయింది. పాల్ టర్నర్ రూపొందించిన రాక్‌షాక్స్ ఆర్‌ఎస్-1 ఫోర్కు 1989లో వచ్చింది. కొద్ది ఏళ్లలోనే పందెం సైకిళ్లు చాలావరకు ముందు స్ప్రింగుతో కనిపించసాగాయి. వెనక చక్రం విషయంలో వాదాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ముందు చక్రానికి చైను లేదు. వెనక చక్రానికి ఉంది. చిక్కంతా దానితోనే.

గట్టిగా తొక్కగానే సైకిల్ ముందుకు దూకుతుంది, మన బరువు కొంత వెనక్కి వాలి స్ప్రింగును నొక్కుతుంది. పెడళ్లు తగిలించిన క్రాంకు ఒక చుట్టు తిరిగేలోపు కుడికాలు ఒకసారి, ఎడమకాలు ఒకసారి బలంగా దిగుతాయి కాబట్టి సీటు చుట్టుకు రెండుసార్లు కుంగి లేస్తుంది. అదే సమయంలో చైను వెనక ఇరుసును ముందుకు లాగుతుంది. ఊగుచేయి కీలు ఆ చైను గీతకు పైన ఉందనుకోండి. అప్పుడు ఆ లాగుడు చక్రాన్ని నేలవైపు తిప్పుతుంది, అంటే ఫ్రేమును పైకి ఎత్తుతుంది. వెనక్కి వాలిన బరువు కిందికి నొక్కుతుంటే, చైను లాగుడు పైకి నెడుతుంది. రెండూ సరిపోతే సీటు కదలదు. దీన్ని మనం కుంగు విరుగుడు అనుకుందాం. కీలు కిందికి దిగి క్రాంకు ఇరుసు దగ్గరే ఉంటే ఈ విరుగుడు బాగా తగ్గిపోతుంది, ఎక్కుడులో సైకిల్ బద్ధకిస్తుంది.

అలాగైతే కీలును వీలైనంత పైకి పెట్టేస్తే సరిపోదా? పోదు. కీలు పైకెక్కిన కొద్దీ, చక్రం లేచినప్పుడల్లా క్రాంకుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం పెరుగుతుంది. చైను సాగదు. అందుకని అది క్రాంకును వెనక్కి తిప్పి ఆ పొడవు తెచ్చుకుంటుంది. ఇది కంటితో చూడొచ్చు. అలాంటి సైకిల్ పక్కన నిలబడి, వెనక బ్రేకు పట్టుకుని, సీటును రెండు చేతుల బరువుతో కిందికి అదమండి. ఎవరూ ముట్టుకోని పెడల్ మెల్లగా వెనక్కి జరుగుతుంది. సీటు వదిలితే మళ్లీ ముందుకొస్తుంది. రాళ్లదారిలో ఇదే పని క్షణంలో జరిగితే పాదాలకు తన్నినట్టు ఉంటుంది. ఎక్కుడు బాగుండాలంటే కీలు పైన, దిగుడులో పాదాలు హాయిగా ఉండాలంటే కీలు కింద. ఒక్క కీలున్న ఫ్రేము రెంటికీ మధ్య ఎక్కడో ఒకచోట రాజీ పడాల్సిందే.

1990ల మధ్యలో ఒక ఉపాయం బాగా ప్రచారంలోకి వచ్చింది. క్రాంకును కూడా ఊగుచేయి మీదే పెట్టేశారు. క్రాంకు, వెనక ఇరుసు ఒకే ముక్క మీద ఉన్నాయి కాబట్టి చైను పొడవు ఎప్పటికీ మారదు, తన్నుడు లేదు. కాగితం మీద అద్భుతం. కానీ కొండ దిగేటప్పుడు మనిషి సీటు మీంచి లేచి పెడళ్ల మీద నిలబడతాడు. అంటే తన బరువంతా ఊగుచేయి మీదే వేస్తాడు. సస్పెన్షన్ సరిగ్గా కావలసిన సమయానికి బిగుసుకుపోయేది. తొక్కినవాళ్ల ఫిర్యాదులే ఆ నమూనాను పక్కన పెట్టించాయి.

లోహం లేని చోట కీలు

హోర్స్ట్ లైట్నర్ ఆస్ట్రియాలో పుట్టిన ఇంజనీరు, మోటారుసైకిల్ పందాల మనిషి. చైను లాగుడు మోటారుసైకిల్ వెనక చక్రాన్ని ఎలా ఇబ్బంది పెడుతుందో అక్కడే బాగా గమనించాడు. అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో ఏఎంపీ రీసెర్చ్ అనే సంస్థ పెట్టి, అదే సమస్యను సైకిల్ మీద పట్టుకున్నాడు. ఊగుచేయిని ఒకే ముక్కగా ఉంచకుండా, వెనక ఇరుసుకు కాస్త ముందు, కాస్త కిందుగా విరిచి అక్కడ ఇంకో కీలు పెట్టాడు. చక్రం ఇప్పుడు క్రాంకు వైపు నుంచి వచ్చే కింది గొట్టం మీద లేదు, సీటు వైపు నుంచి దిగే పై గొట్టం మీద ఉంది. ఆ పై గొట్టం ఒక చిన్న లంకె ద్వారా ఫ్రేముకు అతుక్కుంటుంది. మొత్తం నాలుగు కీళ్లు.

దీనివల్ల వింత జరుగుతుంది. చక్రం తిరిగేది ఆ నాలుగు కీళ్లలో దేని చుట్టూ కాదు. కింది గొట్టం గీతనూ, పై లంకె గీతనూ పొడిగిస్తే అవి ఎక్కడ కలుస్తాయో ఆ బిందువు చుట్టూ తిరుగుతుంది. అక్కడ బోల్టు లేదు, లోహమే లేదు. దీన్ని ఊహాకీలు అందాం. చక్రం లేచేకొద్దీ ఊహాకీలు చోటు మారుతూ పోతుంది. అంటే తొక్కే వేళ ఒకచోట, పెద్ద రాయి మింగే వేళ ఇంకోచోట కీలు ఉండేలా డిజైనర్ గీసుకోవచ్చు. పైగా వెనక బ్రేకు కూడా పై గొట్టం మీదే ఉంటుంది. ఒకే ఊగుచేయి ఉన్న సైకిల్లో బ్రేకు పడితే చక్రం తిరుగుడు బలం ఆ చేయిని కూడా తిప్పబోతుంది, వెనకభాగం కిందికి లాక్కుని బిగుసుకుంటుంది. నాలుగు కీళ్ల ఏర్పాటులో ఆ బలం చాలావరకు పక్కకు పోతుంది. బ్రేకు పట్టినా చక్రం రాళ్ల మీద తన పని తాను చేసుకుపోతుంది. "బ్రేకు వేస్తూనే మలుపు తిరగగలిగాను" అని సంతోషపడేవాళ్లు చెబుతున్నది దీని గురించే.

1998లో ఈ ఏర్పాటు పేటెంటును స్పెషలైజ్డ్ కంపెనీ కొనుక్కుంది. లైసెన్సు లేని కొన్ని కంపెనీలు వెనక కీలును ఇరుసు ముందు నుంచి తీసి ఇరుసుకు పైన, కొద్ది సెంటీమీటర్ల దూరంలో పెట్టాయి. చూడ్డానికి రెండు సైకిళ్లూ ఒకేలా ఉంటాయి. కానీ రెండోదాంట్లో చక్రం మళ్లీ కింది గొట్టం మీదికే వచ్చింది, అంటే దాని నడత ఒకే కీలున్న సైకిల్ నడత. కొద్ది సెంటీమీటర్లు జరిగితే ఎంత మారుతుందో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

తర్వాత ఇతర సంస్థలు రెండు పొట్టి లంకెలతో ఊహాకీలును ఇంకా స్వేచ్ఛగా కదిలించాయి. శాంటా క్రూజ్ కంపెనీ వీపీపీ ఏర్పాటులో ఆ లంకెలు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. అమెరికన్ ఇంజనీరు డేవ్ వీగల్ గీసిన డీడబ్ల్యూ లింకులో ఒకే దిక్కున తిరుగుతాయి. ఈమధ్య దిగుడు పందాల ఫ్రేముల్లో కీలును బాగా పైకి తీసుకెళ్లి, తన్నుడు రాకుండా చైనును ఆ కీలు పక్క నుంచే ఒక చిన్న గిలక మీదుగా నడుపుతున్నారు. రాయి తగిలితే చక్రం పైకే కాక వెనక్కి కూడా జరుగుతుంది, దెబ్బ మెత్తబడుతుంది. బదులుగా గిలక చప్పుడు, దాని రాపిడి భరించాలి.

ఒకే ఫ్రేము, ఇద్దరి మాటలు

ఒకే ఫ్రేమును ఒకరు మెచ్చుకుంటారు, ఇంకొకరు తిట్టుకుంటారు. ఎవరూ అబద్ధమాడటం లేదు.

వెనక చక్రం 150 మిల్లీమీటర్లు లేవగల ఫ్రేములో షాకప్ నొక్కుకునేది 60 మిల్లీమీటర్లే అనుకుందాం. రెండున్నర రెట్ల మీట అది. చక్రం మీద 50 కిలోల బరువు పడితే షాకప్ మీద దాదాపు 125 కిలోల బరువు పడినట్టు. అందుకే కారు టైరులో 30 పైచిలుకు పీఎస్ఐ గాలి చాలుతుంటే, గాలే స్ప్రింగుగా పనిచేసే, అరచేతిలో పట్టే ఈ షాకప్‌లో 150, 200 పీఎస్ఐ నింపాల్సి వస్తుంది. మామూలు పంపు పనికిరాదు.

మనిషి కూర్చోగానే షాకప్ తన మొత్తం కదలికలో 25 నుంచి 30 శాతం కుంగాలి. 60 మిల్లీమీటర్ల షాకప్‌లో ఇది 15 నుంచి 18 మిల్లీమీటర్లు. కొలవడానికి షాకప్ కడ్డీ మీద సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. దాన్ని అంచుకు తోసి, జాగ్రత్తగా ఎక్కి కూర్చుని, దిగి, రింగు ఎంత జరిగిందో స్కేలుతో చూసుకోవాలి. ఈ ముందస్తు కుంగుడు లేకపోతే గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి దిగి నేలను అందుకోలేదు. 90 కిలోల స్నేహితుడి సైకిల్‌ను 60 కిలోల మనిషి అలాగే తొక్కి "ఇది కర్రలా ఉంది" అన్నాడంటే అది ఫ్రేము మీద తీర్పు కాదు, గాలి మీద తీర్పు. తేలికవాడి సైకిల్ బరువైనవాడు తొక్కితే ఎక్కువ కుంగి, ఊహాకీలు డిజైనర్ అనుకోని చోటికి జారి, ఎక్కుడులో బద్ధకిస్తుంది.

ముందు పళ్లచక్రం పరిమాణం కూడా మాటలు మారుస్తుంది. చిన్న పళ్లచక్రం వేస్తే చైను గీత కిందికి దిగుతుంది, కుంగు విరుగుడు పెరుగుతుంది. అదే ఫ్రేము, అదే గాలి, అదే మనిషి. పళ్లచక్రం మార్చగానే ఎక్కుడులో సైకిల్ చురుకవుతుంది, పాదాలకు తన్నుడు కూడా కాస్త పెరుగుతుంది. అందుకే ఎవరి అనుభవం విన్నా వాళ్ల బరువు, గాలి, గేర్లు అడిగి తెలుసుకోవాలి.

చప్పుడు, అరుగుదల, పగులు

కీళ్లు పెరిగితే బేరింగులు పెరుగుతాయి. చక్రం హబ్బులోని బేరింగు, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 140 సార్లకు పైగా గిరగిరా తిరుగుతుంది. లోపలి గ్రీజు అంతటా సర్దుకుంటుంది. కీలులోని బేరింగు జీవితం వేరు. వెనక చక్రం 150 మిల్లీమీటర్లు లేచినా ప్రధాన కీలు తిరిగేది ఇరవై డిగ్రీలే. అవే గుండ్లు అదే చోట ముందుకూ వెనక్కూ నలుగుతాయి, వాటి మీద పడేదేమో మీట పెంచిన బరువు. కొంతకాలానికి గాడిలో సన్నటి గుంటలు పడతాయి. అలాంటి బేరింగును బయటికి తీసి వేలితో తిప్పితే జారదు, ఒక్కో గుంటలో ఆగుతూ కదులుతుంది.

మనవైపు సైకిళ్లను కూడా వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చేస్తుంటారు. సస్పెన్షన్ సైకిల్‌కు ఆ పని చేయకండి. గట్టి నీటిధార సీలును దాటి లోపలికి పోతే గ్రీజు కొట్టుకుపోయి తుప్పు మొదలవుతుంది. బకెట్ నీళ్లు, బ్రష్షు, పొడిగుడ్డ చాలు.

కిర్రుమనే చప్పుడు వచ్చినప్పుడు చాలామంది నేరుగా కీళ్లను అనుమానిస్తారు. ముందు సీటుగొట్టం తీసి తుడిచి గ్రీజు రాసి బిగించండి, తర్వాత పెడళ్లు, ఆ తర్వాత షాకప్ రెండు కొసల బోల్టులు చూడండి. ఫ్రేము గొట్టాలు చప్పుడును మోసుకొస్తాయి కాబట్టి అది పుట్టిన చోటును చెవి సరిగ్గా పట్టలేదు. కీళ్ల బోల్టులను చేతి అంచనాతో బిగించకూడదు. ఎంత బిగించాలో ఫ్రేము తయారీదారు న్యూటన్ మీటర్లలో ఇస్తాడు, టార్క్ రెంచితో అంతే బిగించాలి. వదులైన బోల్టుతో తిరిగితే బేరింగు కూర్చునే గూడు అరిగిపోతుంది. బేరింగు మార్చడం చిన్న ఖర్చు, గూడు పోతే ఫ్రేమే పోయినట్టు.

అల్యూమినియం ఫ్రేము విషయంలో ఇంకో సంగతి ఉంది. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దుకు లోపల ఎన్నిసార్లు వంచినా అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న చిన్న వంపులు కూడా లెక్కలో చేరుతూనే ఉంటాయి. పగులు ఎక్కువగా మొదలయ్యేది వెల్డింగు అంచున, షాకప్ బిగించే చోట, ప్రధాన కీలు చుట్టూ, సీటుగొట్టం ఫ్రేమును కలిసే చోట. మొదట అది రంగు మీద వెంట్రుకంత గీతలా కనిపిస్తుంది. మురికి గీత అయితే గుడ్డతో తుడిస్తే పోతుంది. తుడిచినా పోక, మరునాడు కాస్త పొడుగైతే అది పగులే. కార్బన్ ఫ్రేములో రాయి తగిలిన చోట గుడ్డ రుద్ది చూడాలి. పోగులు గుడ్డకు పట్టుకుంటే లోపల పొరలు విడిపోయాయని అర్థం. రెండింట్లో ఏది కనిపించినా ఆ ఫ్రేముతో కొండ ఎక్కకూడదు, దిగకూడదు. విప్పి, పేరున్న మెకానిక్కుకు చూపించి, అతను సరేనన్నాకే మళ్లీ ఎక్కాలి.